పేరున్న పూర్వ విద్యార్థులు: ఘనత బడిదా, ఇంటిదా?

సికింద్రాబాద్ పాఠకుడు:
బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ మీద వాట్సాప్‌లో మళ్ళీ అదే ఫార్వర్డ్. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ళ, అడోబీని నడిపిన శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్‌ను నడిపిన అజయ్ బంగా, కెనడా వ్యాపారి ప్రేమ్ వత్స, క్రికెట్ కామెంటేటర్ హర్షా భోగ్లే, మాజీ ముఖ్యమంత్రులు కిరణ్ కుమార్ రెడ్డి, జగన్... అందరూ అక్కడ చదివినవాళ్ళే, ఆ బడిలోనే ఏదో మహత్తు ఉంది అని. నేను ఒప్పుకోను. 1923లో అది జాగీర్దార్ కాలేజీగా మొదలైంది. పేరులోనే ఉంది ఎవరి పిల్లల కోసమో. 1949లో జాగీర్లు పోయాయి, 1951లో బడి పేరు మారింది. తర్వాత ఆ బెంచీల్లో ఎక్కువగా కూర్చున్నది పెద్ద అధికారుల, వ్యాపారుల, నాయకుల పిల్లలు. వాళ్ళు ఏ బడిలో చదివినా పైకి వచ్చేవాళ్ళే.

మాజీ హాస్టలర్:
అన్నా, డబ్బున్న ఇళ్ళ పిల్లలందరూ మైక్రోసాఫ్ట్ నడుపుతున్నారా మరి? నాదెళ్ళ ఐఏఎస్ అధికారి కొడుకే, కాదనను. కానీ ఐఐటీ ఎంట్రన్స్ దాటలేదు, మణిపాల్‌లో ఇంజనీరింగ్ చేశాడు. ఇప్పటికీ ఆయన చెప్పుకునేది స్కూల్ క్రికెట్ గురించే. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ దారుణంగా పడుతుంటే కెప్టెన్ తనే బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, బంతి మళ్ళీ ఈయనకే ఇచ్చాడట. సీజనంతా ఈ కుర్రాడు కావాలి, ధైర్యం పోగొట్టకూడదని. ఆ వయసులో అలాంటి అనుభవం ఏ ట్యూషన్‌లో దొరుకుతుంది? పెద్ద గ్రౌండు, సాయంత్రం ఆడుకునే టైము. ఈ రెండూ ఇచ్చింది బడే కదా. ఇప్పటి కార్పొరేట్ స్కూళ్ళలో ఎనిమిదో క్లాసు నుంచే ర్యాంకుల టెన్షన్.

జిల్లా పరిషత్ టీచరు:
మీరిద్దరూ ఒకే బడి చుట్టూ తిరుగుతున్నారు. సర్వేల్ చూడండి. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లాలో పెట్టిన మగపిల్లల గురుకులం. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి, ఐఏఎస్ అధికారిగా చేసిన బుర్రా వెంకటేశం అక్కడివాళ్ళే. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్లయ్యారు. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళే లేని పిల్లాడికి రాత్రి స్టడీ అవర్‌లో పక్కనే సారు ఉండటం, పొలం పనికి ఎవరూ పిలవకపోవడం ఎంత పెద్ద సాయమో నాకు తెలుసు. పంట కోతలప్పుడు నా క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. అందుకే అంటున్నా, బడి బలం చూడాలంటే ఇల్లు ఏమీ ఇవ్వలేని చోట చూడాలి.

సికింద్రాబాద్ పాఠకుడు:
సర్వేల్ గొప్పదే, టీచరు గారూ. కానీ అక్కడ కూడా ఎంట్రన్స్ ఉంది. చురుకైన పిల్లల్ని ముందే ఏరుకున్నారు. అది కూడా వడపోతే కదా?

జిల్లా పరిషత్ టీచరు:
వడపోతే. కాకపోతే అక్కడ ఏరింది పిల్లాడి తెలివిని చూసి, తండ్రి హోదాను చూసి కాదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మాజీ హాస్టలర్:
ఆ మాట ఒప్పుకుంటాను. అయినా గ్రౌండు సంగతి మాత్రం వదలను. అది ప్రతి సర్కారు బడికీ కావాలి.

వరంగల్ అమ్మాయి:
ఇంతసేపూ మీరు చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే, ఎవరైనా గమనించారా? బేగంపేట బడిలోకి అమ్మాయిలను తీసుకున్నది 1988లో. అంటే బడి మొదలైన అరవై ఐదేళ్ళకు. నాదెళ్ళకు అక్కో చెల్లెలో ఉండి ఉంటే, ఎంత పెద్ద ఐఏఎస్ కూతురైనా ఆమెకు ఆ గ్రౌండు లేదు, ఆ కెప్టెనూ లేడు. ఇల్లు అదే అయినా ఆ గేటు తెరుచుకునేది కాదు. ఘనత ఎవరిదో తేల్చేటప్పుడు ఈ లెక్క కూడా వేయండి.