సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో లేని డబ్బు ఉన్నట్టు ఎలా చూపించారు?

అమీర్‌పేట సీఏ ఇంటర్: 2008 సెప్టెంబరు 30 నాటి సత్యం లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు ఉత్తుత్తివే. అంత మొత్తం ఎలా దాగింది సార్? ఎందుకంత తెగించారు?

ఆడిట్ పాతకాపు: మొదట దొంగ ఇన్‌వాయిస్‌లు. బాకీ అలాగే ఉండిపోతే అనుమానం వస్తుంది కాబట్టి వసూలైనట్టు రాసి, ఫోర్జరీ డిపాజిట్ రసీదులు పెట్టారు. నిల్వల ధ్రువీకరణ ఉత్తరం ఆడిటరే బ్యాంకుకు పంపి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి తమ్ముడూ. కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితం చిత్తుకాగితమే.

కోఠి లెక్కలు: తెగింపు ఒక్కరోజులో రాదు. 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో అసలు నిర్వహణ లాభం 61 కోట్లు, చూపింది 649. ఈసారి పెంచి చూపితే వచ్చేసారి దాన్నీ మించాలి. తగ్గితే షేరు పడుతుంది, యజమానులు తాకట్టు పెట్టిన షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్మేస్తారు. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు కొని, లేని డబ్బు గొయ్యి పూడ్చాలని 2008 డిసెంబరులో చూశారు. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టడంతో అదీ ఆగింది. 2009 జనవరి 7న రాజు ఒప్పుకోలు లేఖ.

ఆడిట్ పాతకాపు: వడ్డీ మర్చిపోయాం! ఆ లేఖలోనే రాని వడ్డీ 376 కోట్లు. డిపాజిట్ నిజమైతే వడ్డీ మీద బ్యాంకు ముందే కోసే పన్ను, అంటే టీడీఎస్ కనబడాలి, ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో సరిపోల్చి చూడు.