సంత కడిగిన నీళ్లు ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి

పాటదారు (ఉదయగిరి వైపు):
ఈ ఏడు మా ఊరి పశువుల సంత పాట నేనే పాడుకున్నా. ఆశీలు బాగానే వస్తున్నాయి గానీ నీళ్ల దగ్గర దెబ్బ తింటున్నా. శుక్రవారం తెల్లారకముందే ఆటోలు, మినీ లారీలు దిగుతాయి. 500 దాకా గొర్రెలు, మేకలు, ఓ 60 గేదెలు, ఆవులు. మధ్యాహ్నానికి అంతా ఖాళీ. ఇక కడగడం మొదలు: 5,000 లీటర్ల ట్యాంకర్లు 3. ఎండాకాలం మెట్టలో ట్యాంకర్ దొరకడమే గగనం, మేమేమో తెచ్చి పేడ మీద పోస్తున్నాం.

ఆ నీళ్లన్నీ పాత మూడు గదుల తొట్టెలోకి పోతాయి. అచ్చం ఇంటి సెప్టిక్ ట్యాంకే, కాస్త పెద్దది. మొన్న మూత తీయించా. పైన జానెడు మందం తెట్టు: చొప్ప, బొచ్చు, పగ్గాల ముక్కలు. కర్ర గుచ్చితే అలాగే నిలబడింది. దాని కింద నుంచి నల్లటి నీళ్లు తూము దాటి కుంటలోకి. కుంట పక్క ఇళ్లవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు.

ఒక కంపెనీ ఆయన వచ్చి నీళ్లలోకి గాలి ఊదే బ్లోయర్లతో శుద్ధి ప్లాంటు పెడదాం, ఆ నీళ్లతోనే మళ్లీ కడుక్కోవచ్చు, పశువులకీ పెట్టొచ్చు అన్నాడు. ఆ చివరి మాటే నాకు మింగుడు పడలేదు.

మోటారు మావ (నెల్లూరు):
నేను అపార్ట్‌మెంట్లో ఎస్టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) నడుపుతా అన్నా. ఆ ప్లాంటు చెడ్డది కాదు, మీ సంతకి కుదరదు. అందులో పని చేసేది బ్యాక్టీరియా, దానికి రోజూ తిండి పడాలి. సంక్రాంతికి జనం ఊళ్లకి పోతేనే మా దగ్గర నీళ్లు తేడా కొడతాయి. మీరేమో శుక్రవారం విందు పెట్టి 6 రోజులు పస్తు పెడతారు.

ముందు 15,000 లీటర్లు పట్టే తొట్టె, దాని ముందు జాలీ. అందులోంచి చిన్న మోటారుతో రోజుకి 2,500 వదిలితే మళ్లీ శుక్రవారానికి ఖాళీ. ఆ నీళ్లు కంకర మడిలోకి పోవాలి, మడిలో జమ్ము, మెట్టతామర. మడి సైజు నీళ్లు టెస్ట్ చేయించాకే. బీఓడీ (నీళ్లలోని కుళ్లే మురికి ఎంతుందో చెప్పే లెక్క) లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటకపోతే పొలానికి పెట్టొచ్చని రూలు. కుంటలోకైతే 30 దాటకూడదు. నేనైతే కుంట జోలికే పోను.

ఇంకోటి, ఆ పాత తొట్టెలోకి మనిషిని మాత్రం దించొద్దు. ఆ గాలికి ప్రాణాలు పోతాయి.

రిటైర్డ్ కాంపౌండర్:
పశువులకి పెట్టొద్దు బాబూ. పది ఊళ్ల పశువు నిలబడే చోటు. గాలికుంటు ఉన్న గేదె ఒక్కటొస్తే చాలు, చొంగలోనూ పేడలోనూ వైరస్ ఉంటుంది. తాగే తొట్లకి బోరు నీళ్లే. శుద్ధి చేసినవి నేల మీద మొదటి కడుగుడికి వాడుకో. ఆఖర్న మంచినీళ్లు, ఆ తర్వాత వైరస్ చావడానికి వాషింగ్ సోడా (వంట సోడా కాదు), 10 లీటర్ల బకెట్‌కి 400 గ్రాములు. పేడ నీళ్లలో బ్లీచింగ్ వేయడం దండగ, పేడా ఉచ్చలోని అమ్మోనియా కలిసి దాన్ని తినేస్తాయి. అవే నీళ్లు తిప్పితిప్పి వాడితే ఉప్పు పేరుకుంటుంది, వారం వారం కొన్ని నీళ్లు చెట్లకి వదిలెయ్.

మోటారు మావ:
సోడా నీళ్లు మడిలోకి రానివ్వొద్దు.

మందగాడు:
మా మందని ఒక రాత్రి చేలో కట్టేస్తే రైతు డబ్బులిస్తాడు. మీరు పెంటికల్ని ట్యాంకర్ నీళ్లతో కొట్టుకుపోనిస్తున్నారా సామీ? ముందు చీపురు, పార పట్టుకోండి.

పాటదారు:
మందగాడి మాట విని మొన్న శుక్రవారం చేసి చూశా. నలుగురు మనుషులు, ఈతచీపుర్లు, 2 గంటలు. సగం ట్రక్కు ఎరువు లేచింది. బత్తాయి తోట ఆయన అక్కడికక్కడే తోలుకుపోయాడు, కూలి వచ్చేసింది. 3 ట్యాంకర్ల చోట 2 సరిపోయాయి. తూము దగ్గర సీసాలో పట్టి రాత్రంతా ఉంచా. అంతకుముందు వారం సీసా అడుగున నాలుగు వేళ్ల మడ్డి, ఈసారి ఒక వేలు. పైన నీళ్లు మాత్రం టీ రంగే.

అయితే తొట్టె 10,000కి కట్టిస్తే చాలదా?

మోటారు మావ:
15,000కే కట్టించు అన్నా. బక్రీద్ ముందు సంత మర్చిపోయావా? వాన నీళ్లకి వేరే కాలువ తీయించు.