విపత్తు వేళ మన సిమ్ డేటా ఇచ్చేయొచ్చా?

గట్టుమీద_గోపి:
2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. అక్కడి టెలికాం కంపెనీ డిజిసెల్ 19 లక్షల సిమ్‌ల కదలికల వివరాలను, పేర్లూ నంబర్లూ లేకుండా, స్వీడన్ పరిశోధకులకు ఇచ్చింది. 19 రోజుల్లో రాజధాని నుంచి సుమారు 6.3 లక్షల మంది వెళ్లిపోయారని వాళ్లు లెక్క తేల్చారు. ఇదంతా ఒక్కొక్కరినీ అడిగి చేసిన పని కాదు. ఇది తప్పంటారా?

రాత్రి_డ్యూటీ:
తప్పెలా అవుతుంది? భూకంపం లెక్క పూర్తయ్యేసరికి ఆలస్యమైంది గానీ, అదే ఏడాది అక్టోబర్‌లో కలరా వచ్చినప్పుడు జనం ఏ ఊళ్లకు వెళ్తున్నారో గంటల్లోనే చెప్పగలిగారు. శిథిలాల్లో ఉన్నవాడి దగ్గర సంతకం తీసుకుంటామా?

సందేహాల_సుబ్బి:
సంతకం సంగతి సరే అన్నా, పేర్లు తీసేస్తే సరిపోతుందా? 2013లో 15 లక్షల మంది ఫోన్ డేటా మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒక మనిషి ఏ వేళకు ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. ఇల్లు, ఆఫీసు, గుడి, అత్తగారిల్లు... అయిపోయింది.

పైగా ఇచ్చింది ఇచ్చినచోటే ఉండదు. బంగ్లాదేశ్ శిబిరాల్లో రోహింగ్యాల నుంచి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ సేకరించిన వివరాలను బంగ్లాదేశ్ మయన్మార్‌కు ఇచ్చిందని 2021లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్లకే! అనుమతి అడిగామని శరణార్థి సంస్థ అంది. రేషన్ కోసం నిలబడ్డవాడు కాదనగలడా?

రాత్రి_డ్యూటీ:
అది కంపెనీ డేటా కాదు కదా. రెండూ కలిపేస్తున్నారు.

గట్టుమీద_గోపి:
నిజమే, వేరు. కానీ భయం ఒకటే. నన్నడిగితే డేటా కంపెనీ సర్వర్ దాటకూడదు. లెక్క అక్కడే వేసి, ఏ మండలం నుంచి ఏ మండలానికి ఎంతమంది వెళ్లారో మొత్తాలు మాత్రం ఇవ్వాలి. పదిమందికి తక్కువుంటే ఆ అంకె కూడా చూపకూడదు. తుపాను సహాయానికి అంతకన్నా ఏం కావాలి?

సందేహాల_సుబ్బి:
దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ మన 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 7 చదివారా? విపత్తులో సాయం చేయడానికి అనుమతి అక్కర్లేదంటుంది. అదే వాక్యంలో "శాంతిభద్రతలకు భంగం" కూడా ఉంది. వరదకీ ధర్నాకీ ఒకే తలుపు! రెండోదాన్ని విడదీసేదాకా నా ఓటు "వద్దు"కే.