కంప్రెసర్ వేడికి ఇంజెక్షన్ వాల్వు పెట్టాలా, వద్దా?

రొయ్యల స్టోర్, భీమవరం:
మాది ఆర్-22 గ్యాస్‌తో నడిచే కోల్డ్ స్టోరేజీ ప్లాంటు, స్క్రోల్ కంప్రెసర్, గది మైనస్ 20 డిగ్రీలు. రెండు వేసవుల్లో రెండు కంప్రెసర్లు పోయాయి. రెండోదాంట్లో ఆయిల్ తారులా నల్లగా, మాడు వాసనతో వచ్చింది. కొత్తదానికి లిక్విడ్ ఇంజెక్షన్ వాల్వు (వేడెక్కితే కంప్రెసర్‌లోకి కాస్త ద్రవ ఆర్-22 వదిలి చల్లబరిచేది) పెడదామంటున్నాడు మెకానిక్. పెట్టించమంటారా?

గేజి మాస్టర్:
ముందు కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) కడిగించండి సార్. సక్షన్, అంటే కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు, మైనస్ 30 దగ్గర గేజి 9 పిఎస్ఐ ఒత్తిడి చూపిస్తుంది. కండెన్సింగ్ 50 డిగ్రీలైతే హెడ్ (బయటికి నెట్టే వైపు ఒత్తిడి) 267, రెండింటి రేషియో 12. రేషియో పెరిగేకొద్దీ కంప్రెసర్ వేడెక్కుతుంది. కడిగి 40కి దింపితే హెడ్ 208, రేషియో 9.4. వాల్వు ఈ రేషియోని దింపదు.

కోల్డ్ రూమ్ ఇంజనీర్:
అన్నా, కండెన్సర్ అద్దంలా ఉన్నా ఆర్-22 సింగిల్ స్టేజిలో మైనస్ 30కి డిశ్చార్జ్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాస్) వేడెక్కుతుంది. అందుకే ఇలాంటి స్క్రోల్‌కి కంపెనీవాళ్లే ఇంజెక్షన్ పోర్టు ఇస్తారు. వేడికి వాల్వు బల్బులో (డిశ్చార్జ్ పైపుకి తగిలించే చిన్న గొట్టం) గ్యాస్ వ్యాకోచించి డయాఫ్రమ్‌ని నొక్కుతుంది, పిన్ను తెరుచుకుంటుంది, లోపలికి వెళ్లిన లిక్విడ్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. దీనికి కరెంటుతో పనిలేదు.

ఏసీ_తమ్ముడు:
267ని 9తో భాగిస్తే దాదాపు 30 కదా, 12 ఎలా వచ్చింది?

గేజి మాస్టర్:
గేజి రీడింగులు రెండింటికీ గాలి ఒత్తిడి 14.7 కలిపి భాగించు తమ్ముడూ.

ఏసీ_తమ్ముడు:
అది ముందే రాయాలి కదా.

మిర్చి కోల్డ్, గుంటూరు:
మాది అమ్మోనియా, ఇంకా వేడి. కంప్రెసర్ సిలిండర్ హెడ్లకి నీళ్ల జాకెట్ ఉంది.

గేజి మాస్టర్:
ఇంజనీర్ గారూ, సైట్ గ్లాసులో (లిక్విడ్ పైపుకుండే అద్దం) బుడగలుంటే ఆ వాల్వుకి వచ్చేది లిక్విడ్ కాదు, సగం ఆవిరే. ఇక ఏం చల్లబరుస్తుంది? వాల్వు సరిగ్గా మూసుకోక, సోలెనాయిడ్ (మెషిన్ ఆగగానే లైను మూసే కరెంటు వాల్వు) కూడా లేకపోతే, మెషిన్ ఆగినప్పుడు లిక్విడ్ లోపలికి జారి ఆయిల్‌ని పలచన చేస్తుంది. నేను పనిచేసిన ఒక ప్లాంటులో అలాగే బేరింగులు పోయాయి. తప్పు నాదేనని మూడు నెలల బిల్లు ఆపేశారు. కండెన్సర్ కడగడానికి రెండు గంటలు ఆపమని ఐదుసార్లు అడిగాను. ఒక్కసారీ ఆపలేదు!

రొయ్యల స్టోర్, భీమవరం:
ఆపడం మీకు తేలికే. సీజన్లో గది నిండా సరుకు, గంటకోసారి ఎక్స్‌పోర్టర్ ఫోన్. గది మైనస్ 15కి వస్తే నష్టం ఎవరిది? మీ బిల్లు మూడు నెలలు ఆగింది, నాకు రెండు కంప్రెసర్ల అప్పు మిగిలింది.

కోల్డ్ రూమ్ ఇంజనీర్:
అసలు గొడవ ఇక్కడుంది. వాల్వు పెడితే ప్లాంటు ఆపే పని తప్పుతుందని మీ ఆశ, అవునా? తప్పదండీ. రెండూ కావాలి. వాల్వు పెట్టండి, దాంతోపాటు సోలెనాయిడ్ కూడా. బల్బుని కంప్రెసర్ నుంచి జానెడు దూరంలో డిశ్చార్జ్ పైపుకి బిగించి ఇన్సులేషన్ చుట్టించండి. అక్కడ పైపు 107 డిగ్రీలు దాటిందంటే లోపల పాతిక, ముప్పై డిగ్రీలు ఎక్కువే, ఆయిల్ మాడేది అందుకే. కండెన్సర్ మాత్రం నెలకోసారైనా కడగాలి.

గేజి మాస్టర్:
సోలెనాయిడ్‌తో అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ ప్లాంటు ఆపనన్న ఓనరుకి ఆ కంప్రెసర్ గ్యారంటీ నేనివ్వను.

రొయ్యల స్టోర్, భీమవరం:
ఆదివారం లోడు వెళ్లిపోతుంది, గది సగం ఖాళీ. రాత్రి 11 నుంచి 1 దాకా ఆపుతాను. కడగక ముందు, కడిగాక హెడ్ ఎంతుందో రెండు ఫోటోలూ పెడతాను.

గేజి మాస్టర్:
సక్షన్ గేజిది కూడా పెట్టండి సార్.