‘కాన్సన్‌ట్రేట్’ అనే క్రియను అన్ని చోట్లా ‘దృష్టి పెట్టు’ అని అనువదించవచ్చునా?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. నేను ఇంటి దగ్గరే ఉండి ఇంగ్లిషు నుంచి తెలుగులోకి చిన్న చిన్న అనువాదాలు చేస్తుంటాను. మొన్న ఒక వ్యాపార ప్రకటనలో ‘వుయ్ విల్ కాన్సన్‌ట్రేట్ అవర్ స్టోర్స్ ఇన్ టూ డిస్ట్రిక్ట్స్’ అని ఉంటే, ‘రెండు జిల్లాల్లోని మా దుకాణాలపై దృష్టి పెడతాం’ అని రాసి పంపాను. అర్థమే మారిపోయిందంటూ దాన్ని తిప్పి పంపారు. నిఘంటువు తీస్తే ఏకాగ్రత, కేంద్రీకరణ, గాఢత, సాంద్రత అని నాలుగు మాటలు కనిపించాయి గాని, ఏది ఎక్కడ వాడాలో బోధపడలేదు. ఫోకస్, పే అటెన్షన్ అనేవి దీనికి పర్యాయపదాలేనా అన్నది నా రెండో సందేహం. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా ఇదే అడుగుతోంది.

జవాబు:

అమ్మా, మీ వాక్యంలో చిక్కు క్రియ దగ్గర లేదు, దాని వెనక వచ్చిన ‘ఇన్’ దగ్గర ఉంది. కాన్సన్‌ట్రేట్ తరువాత ‘ఆన్’ వస్తే మనసునో శ్రమనో ఒకదాని మీద నిలపడం. ‘ఇన్’ వచ్చి దాని వెంట ఒక స్థలం పేరు వస్తే మనుషులో వస్తువులో అక్కడ ఎక్కువగా చేరడం, లేదా చేర్చడం. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలు నగరానికి పడమట ‘కాన్సన్‌ట్రేట్’ అయ్యాయని ఇంగ్లిషు పత్రికలో చదివితే, అవి మాదాపూర్, గచ్చిబౌలి వైపు దట్టంగా ఉన్నాయని అర్థం చేసుకుంటామే తప్ప, పడమటి దిక్కు మీద దృష్టి పెట్టాయని అనుకోము కదా.

ఈ మాటకు మూలం లాటిన్‌లో కేంద్రమనే అర్థమున్న ‘సెంత్రుమ్’. అది గ్రీకు ‘కెంత్రోన్’ నుంచి వచ్చింది. మన ‘కేంద్రం’ కూడా ఖగోళ గణితం వెంట అదే గ్రీకు మాట నుంచి సంస్కృతంలోకి వచ్చింది కాబట్టి, కాన్సన్‌ట్రేట్, కేంద్రీకరించు అనే రెండూ వరసకు దాయాదులే. చెదిరి ఉన్నదాన్ని ఒక నడిమి చోటికి తేవడం అనే ఒక్క భావాన్ని ఇంగ్లిషు మనసుకూ, సైన్యానికీ, జనానికీ, ఆమ్లానికీ కూడా అంటగట్టింది. తెలుగు అలా చేయదు. చేరుతున్నది ఏమిటో చూసి మాట మారుస్తుంది. అందుకే మీకు నిఘంటువులో నాలుగు మాటలు కనిపించాయి.

చేరేది మనసైతే ఏకాగ్రతతో చదవడం, మనసు లగ్నం చేయడం, ధ్యాస నిలపడం అంటాము. ‘దృష్టి సారించు’ అనేది పత్రికల భాషలో ప్రభుత్వాలకూ అధికారులకూ బాగా నప్పిన మాట; పరీక్ష గదిలో లెక్క చేసుకుంటున్న పిల్లవాడు లెక్క మీద ‘దృష్టి సారించాడు’ అని రాస్తే వాడు కలెక్టరులా కనిపిస్తాడు. చేరేది అధికారమో సంపదో అయితే కేంద్రీకృతం కావడం, లేదా ఇంకా తేలికగా ‘కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోవడం’. చరిత్ర పాఠాల్లో వచ్చే కాన్సన్‌ట్రేషన్ క్యాంపు కూడా ఈ వరసలోదే: 1900 తరువాత దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో బ్రిటిషువారు పల్లెల్లోని కుటుంబాలను తరలించి ఒక చోట కుక్కిన శిబిరాలకు ఆ పేరు వాడుకలోకి వచ్చింది, మనం దాన్ని నిర్బంధ శిబిరం అంటున్నాము.

ద్రవాల సంగతి వేరు. నేను కొన్నాళ్లు అచ్చుతప్పులు దిద్దే పని చేశాను. అప్పట్లో ఒక పండ్ల రసం డబ్బా మీది వివరాలకు ఎవరో చేసిన అనువాదం నా బల్ల మీదికి వచ్చింది. అందులో ‘ఏకాగ్రత నుంచి తయారైన నారింజ రసం’ అని ఉంది. నవ్వుకుని దిద్దాను గాని, ఏమని దిద్దాలో తేల్చుకోవడానికి పూట పట్టింది. రసంలోని నీటిని చాలావరకు తీసివేసి చిక్కబరిచి, ఆ తరువాత మళ్లీ నీరు కలిపి డబ్బాలకు ఎత్తుతారు కాబట్టి, చివరికి ‘చిక్కబరిచిన రసానికి నీరు కలిపి తయారుచేసినది’ అని రాశాను. మంట మీద నీరు పోగొట్టి చిక్కబరచడానికి మన వంటింట్లో ఇగర్చడం అనే చక్కని మాట ఉంది. చింతపండు పులుసు పొయ్యి మీద ఇగురుతూ, గరిటెకు అంటుకునేంత చిక్కబడడమే ఈ క్రియకు నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ.

ఇక మీ రెండో సందేహం. ఫోకస్ చాలాచోట్ల దీనికి బదులుగా నిలుస్తుంది, కాని దాని పుట్టుక వేరు. లాటిన్‌లో ఆ మాటకు ఇంట్లోని నిప్పుగూడు అని అర్థం. కటకం గుండా వచ్చిన ఎండ ఒక బిందువు దగ్గర కాల్చుతుంది గనుక, 1604లో కెప్లర్ ఆ బిందువుకు ఈ పేరు వాడాడు. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో అదే నాభి. అందువల్ల ఎన్నింటిలోనో ఒకదాన్ని ఎంచుకుని అటు తిరగడం ఫోకస్‌లో ముందు వినిపిస్తుంది. తిరిగిన తరువాత చెదరకుండా పట్టి ఉంచడం, అందుకు పడే ప్రయాస కాన్సన్‌ట్రేట్‌లో వినిపిస్తుంది. పే అటెన్షన్ అంటే చెప్పేది వినడం, గమనించడం. టీచరు తరగతిని అదిలించేది ఆ మాటతోనే. అప్లయ్ వన్‌సెల్ఫ్ అంటే ఒళ్లు వంచి పని చేయడం. డ్వెల్ ఆన్ పైకి ఒకేలా కనిపించినా, జరిగిపోయిన దాన్నే తలపోస్తూ కూర్చోవడమనే చెడ్డ అర్థంలో ఎక్కువగా వస్తుంది కాబట్టి, పర్యాయపదాల పట్టికలో ఉంది కదా అని వాడకండి.

అటెన్షన్‌కు, కాన్సన్‌ట్రేషన్‌కు తేడా తెలుగువారికి అష్టావధానంతో ఇట్టే తెలుస్తుంది. అవధానమంటే అటెన్షనే. దాన్ని ఎనిమిది మంది పృచ్ఛకులకు పంచవచ్చు. మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క పెట్టవచ్చు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు చెదరగొట్టాలని చూసేది మాత్రం కాన్సన్‌ట్రేషన్‌ను. ఇంగ్లిషులోనూ అటెన్షన్‌ను పంచుతారు, ఆకర్షిస్తారు, మళ్లిస్తారు. కాన్సన్‌ట్రేషన్ అయితే నిలుస్తుంది, లేదా భంగమవుతుంది.

మీ అమ్మాయికి చెప్పవలసినవి రెండున్నాయి. ‘ఐ యామ్ ఫోకస్డ్ ఆన్ మై స్టడీస్’ సరైన వాక్యం, కాని అదే పద్ధతిలో ‘ఐ యామ్ కాన్సన్‌ట్రేటెడ్ ఆన్ మై స్టడీస్’ అనకూడదు. ‘ఐ యామ్ కాన్సన్‌ట్రేటింగ్’ అనాలి. అలాగే మనం శ్రద్ధ పెడతాము కదా అని ‘పుట్ కాన్సన్‌ట్రేషన్’ అని రాస్తుంటారు. అది తెలుగు వాక్యానికి ఇంగ్లిషు చొక్కా తొడగడమే.

మరొకరి జవాబు:

నేను రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి ఒక్క మాట కలుపుతాను. పాఠ్యపుస్తకాల్లో కాన్సన్‌ట్రేటెడ్‌కు గాఢ అనీ, డైల్యూట్‌కు సజల అనీ వాడుతున్నాము. ముడిఖనిజంలోని మట్టినీ మలినాలనూ తొలగించడాన్ని మాత్రం సాంద్రీకరణ అంటాము. గాఢమైన ఆమ్లాన్ని బలమైన ఆమ్లమని రాస్తే తప్పవుతుంది. గాఢత అంటే ద్రావణంలో ఆమ్లం ఎంత ఉందన్నది, బలం అంటే ఆ ఆమ్లం నీటిలో ఎంత మేరకు అయాన్లుగా విడిపోతుందన్నది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఎంత నీరు కలిపినా అది బలమైన ఆమ్లమే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఎంత గాఢంగా ఉన్నా బలహీన ఆమ్లమే. అందువల్ల విజ్ఞానశాస్త్ర అనువాదంలో పర్యాయపదం కోసం వెతకకుండా గాఢ అనే మాటకే కట్టుబడి ఉండడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నా వాక్యాన్ని ‘మా దుకాణాలను రెండు జిల్లాలకే పరిమితం చేస్తాం’ అని మార్చితే సరిపోతుందా?

జవాబు:

దగ్గరికి వచ్చారు గాని, కొంచెం దాటిపోయారు. పరిమితం చేస్తే ఆ రెండు జిల్లాల బయట ఒక్క దుకాణం కూడా ఉండకూడదు. కాన్సన్‌ట్రేట్ అంత ఖండితంగా చెప్పదు. ఎక్కువ భాగం అక్కడ ఉంటే చాలు. ‘మా దుకాణాలను ప్రధానంగా ఆ రెండు జిల్లాల్లోనే నడుపుతాం’ అని రాసి పంపండి.