ఎఫ్‌టీ8 పక్కనే ఉదయం గొంతు నెట్: హామ్ రేడియో నలభై మీటర్ల బ్యాండ్‌లో ఎవరు జరగాలి?

బాల్కనీ తీగ:
రోజూ ఉదయం ఆరున్నరకి 7.075 మెగాహెర్ట్జ్‌లో తెలుగు గొంతు నెట్ (హామ్‌లు ఒకే చోట చేరి మైకులో మాట్లాడుకునే కూటమి) మొదలవుతుంది. అప్పటికే మేం 7.074లో ఎఫ్‌టీ8 మీద, అంటే కంప్యూటర్‌తో పొట్టి సందేశాలు పంపుకునే పద్ధతిలో, ఉంటాం. నిన్న ఇటలీ స్టేషన్ ఒకటి నాకు జవాబిచ్చింది. సరిగ్గా అప్పుడే నెట్‌లో ఎవరో మైకు నొక్కారు. సిగ్నళ్లు కనిపించే తెర (వాటర్‌ఫాల్) ఎడమ పక్కంతా పసుపు మచ్చ. ఆయన ఆ తర్వాత పంపినవి మూడూ డీకోడ్ కాలేదు. 7.000 నుంచి 7.200 దాకా 200 కిలోహెర్ట్జ్ ఉంటే మేం అడిగేది మూడు. నెట్‌ని 7.090కి జరపండి.

పాత మైకు:
ముందు లెక్క చూడండి. మాది ఎల్.ఎస్.బి. (లోయర్ సైడ్‌బ్యాండ్). డయల్ 7.075లో ఉంటే గొంతు దాని కిందకి, సుమారు 7.0723 నుంచి 7.0747 వరకు పోతుంది. మీది యు.ఎస్.బి. (అప్పర్ సైడ్‌బ్యాండ్), 7.074 నుంచి పైకి 7.077 దాకా. మనం తగులుకునేది 700 హెర్ట్జ్ మేర. మీరు మీ సిగ్నల్‌ని 7.074కి 1,500 హెర్ట్జ్ పైన పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక ముందెవరు అన్న సంగతి. 2009 మార్చి దాకా 7.100 పైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు మోగేవి. మిగిలిన వంద కిలోహెర్ట్జ్‌లోనే సీడబ్ల్యూ (మోర్స్), గొంతు అన్నీ సర్దుకున్నాం. మీ ఎఫ్‌టీ8 వచ్చింది 2017లో. ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్లని ఖాళీ చేయమంటే ఎలా?

గోదారి గట్టు:
ఫిల్టర్ బిగించుకోండి, అయిపోతుంది.

బాల్కనీ తీగ:
ఫిల్టర్ బిగిస్తే మిగతా స్టేషన్లూ పోతాయి. ఎఫ్‌టీ8 సిగ్నల్ ఒక్కోటి 50 హెర్ట్జ్. మీరు చిన్నగా తీసిపారేసిన 700లో అలాంటివి పద్నాలుగు పడతాయి. పైగా మీ గొంతు బలంగా వస్తే రిసీవర్‌లో ఏజీసీ (బలమైన సిగ్నల్ వస్తే దానంతటదే సర్దుకునే ఏర్పాటు) మొత్తం వినికిడినే తగ్గించేస్తుంది. నేను 1,500లో ఉన్నా, 2,500లో ఉన్నా అంతే. పక్క ఊళ్లో నాలుగు వందల వాట్లు, నా దగ్గర అయిదు.

డాలస్ హామ్:
అమెరికా ప్రధాన భూభాగంలో 7.125 కింద గొంతు చట్టప్రకారం కుదరదు. అందుకే ఈ గొడవ మాకు లేదు. మీకూ అలా గీత గీయించుకోండి.

పాత మైకు:
మీకు 7.300 దాకా ఉంది, గీతలు గీసుకోవచ్చు. మాకు 200 కిలోహెర్ట్జే. ఇక్కడ బ్యాండ్ ప్లాన్ అంటే అంతర్జాతీయ హామ్ సంఘాల కూటమి ఐ.ఏ.ఆర్.యు. ఒప్పందం, మర్యాద కోసం పాటించేది.

అసలు సంగతి చెబుతాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ భారతీ ప్రసాద్ గారి బృందం ఉంది. ఫోన్లు పడిపోతే హామ్‌లే వార్తలు చేరవేశారు. "మా అన్నయ్య బతికే ఉన్నాడా" అని అడిగే మనిషికి ఎఫ్‌టీ8లో ఏం చెబుతారు? సొంత మాటలు రాయాలంటే ఒక విడతలో 13 అక్షరాలు. గొంతు నెట్ బతికి ఉండాలంటే రోజూ నడవాలి.

బాల్కనీ తీగ:
నెట్ ఆపమని ఎవరన్నారు సార్? పదిహేను కిలోహెర్ట్జ్ పైకి జరగమన్నాను. 7.090లో సునామీ వార్త చేరదా?

కొత్త కాల్‌సైన్:
నెట్ ఎవరైనా చేరచ్చా? అడగడానికి భయంగా ఉంది.

బాల్కనీ తీగ:
మీ భయం నాకు తెలుసు. లైసెన్సు వచ్చిన వారానికే ఇదే నెట్‌లో పిలిచాను. అపార్ట్‌మెంట్‌లో డాబా మీద తీగ కట్టనివ్వలేదు, బాల్కనీలో తొమ్మిది మీటర్లు కట్టాను. "మీ సిగ్నల్ అర్థం కావట్లేదు, యాంటెన్నా బాగుచేసుకుని రండి" అన్నారు. మరుసటి రోజూ అదే మాట. మూడో రోజు అసలు జవాబే లేదు. కాల్‌సైన్ (రేడియోలో నా గుర్తింపు) కాగితం ముందు పెట్టుకుని గంటసేపు విన్నాను, నా పేరు ఎవరూ అనలేదు. ఆ సాయంత్రమే ఎఫ్‌టీ8 వేశాను. పదిహేను సెకన్ల తర్వాత ఇండోనేషియా నుంచి నా కాల్‌సైన్ తెర మీద పడింది. నన్ను విన్నవాళ్లు అక్కడే ఉన్నారు. ఆ మూడు కిలోహెర్ట్జ్ కోసం అందుకే ఇంత కొట్లాట.

పాత మైకు:
ఆ రోజు నెట్ కంట్రోల్ (నెట్ నడిపే మనిషి) నేను కాకపోవచ్చు, నేనే అయి ఉండవచ్చు కూడా. అలా అనకూడదు. నా మాటా వినండి. ఒకప్పుడు మా నెట్‌లో ఇరవై మంది చెక్-ఇన్ అయ్యేవాళ్లు. ఇప్పుడు ఆరుగురు. నా దగ్గర మోర్స్ నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు రోజంతా 7.074లోనే ఉంటాడు. అతని సిగ్నల్ పక్కనే కనిపిస్తుంది, గొంతు విని రెండేళ్లయింది. పిల్లలు ఇంటికొచ్చి మాట్లాడకుండా వెళ్లిపోతున్నట్టుంది నాకు. 7.090కి వెళ్తే ఆ ఆరుగురూ కూడా దారి తప్పుతారని భయం. చాలామంది డెబ్భై దాటినవాళ్లు, డయల్ అక్కడే వదిలేసి పడుకుంటారు.

గోదారి గట్టు:
మరి ఇది ముందే చెప్పొచ్చుగా.

బాల్కనీ తీగ:
డయల్ జరపడానికి ఒక వారం ముందు నెట్‌లోనే చెప్పండి. కావాలంటే ఆ ఆరుగురికీ నేను ఫోన్ చేస్తాను.

పాత మైకు:
నెట్‌లో అడగకుండా మాటివ్వలేను. మీ తీగ తొమ్మిది మీటర్లన్నారు. ఈ బ్యాండ్‌కి సగం తరంగం ఇరవై మీటర్లు. మధ్యలో కాయిల్ చుడితే కొంత నయం. బాల్కనీ వెడల్పెంతో, రైలింగ్ ఇనుముదో కాదో రాయండి.