గుణకాలు ఒక చుట్టు తిరిగొస్తే మూలాలు తారుమారవుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: 6వ పరిమాణ బహుపది గుణకాలను కొద్దికొద్దిగా మారుస్తూ మూలాలను ట్రాక్ చేస్తున్నాను. గుణకాలు మొదటి విలువలకే తిరిగొచ్చాయి. మూలాలూ అవే, కానీ రెండోదీ నాలుగోదీ చోట్లు మార్చుకున్నాయి. తప్పు కోడ్‌లోనా? దీనికీ టోపాలజీకీ ముడిపడి ఇంకా తేలని ప్రశ్నలేమైనా ఉన్నాయా?

జవాబు 1: కోడ్ తప్పే అనుకోనక్కర్లేదు. ఎక్స్² = టి తీసుకోండి. టిని 1 దగ్గర మొదలుపెట్టి సున్నా చుట్టూ 360° తిప్పితే మూలం 180° మాత్రమే తిరుగుతుంది. 1 కాస్తా −1 అయి కూర్చుంటుంది. విచక్షణి (రెండు మూలాలు ఒకటైతే సున్నా అయ్యే రాశి) సున్నా అయ్యే చోటును చుట్టొస్తే ఇలా జరగొచ్చు. కాబట్టి మూలాలకు అంతటా చెల్లే నంబర్లు అవిచ్ఛిన్నంగా ఇవ్వలేం. మూలాలు జడలా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ఈ చుట్లను లెక్కగట్టేదే బ్రెయిడ్ గ్రూప్.

అయినా ఒకటి సరిచూసుకోండి: ఒక్కో అడుగులో ఏ మూలమైనా కదిలే దూరం, అప్పటికి అతి దగ్గరగా ఉన్న రెండు మూలాల ఎడంలో సగానికి లోపే ఉండాలి. దాటితే దగ్గరిదానితో జతకట్టే పద్ధతి పొరబడుతుంది. అడుగును సగం, మళ్లీ సగం చేసినా తారుమారు అలాగే ఉంటే అది నిజమైనదే.

జవాబు 2: వాస్తవ గుణకాలతోనే నడిపితే ఇంకో చిక్కు. పై ఎక్స్² = టిలోనే టి 1 నుంచి −1కి నేరుగా వెళ్తే 0 దగ్గర మూలాలు ఢీకొంటాయి. సంకీర్ణ తలంలో పక్కదారి పట్టండి. పై అర్ధవృత్తం మీదుగా వెళ్తే 1 అనే మూలం వెళ్లి ఐ (√−1) అవుతుంది, కింది నుంచైతే −ఐ. మొదటి బహుపదిని యాదృచ్ఛిక సంకీర్ణ స్థిరాంకంతో గుణించి మొదలుపెట్టడం అందుకే.

జవాబు 3: తేలనివాటికి వస్తే, మూలాలన్నిటినీ ఉజ్జాయింపుగా కనుక్కునే ఏ అల్గారిథమ్‌కైనా కనీసం ఎన్ని 'ఇఫ్' శాఖలు కావాలని గణితజ్ఞుడు స్మేల్ 1987లో అడిగాడు. కింది హద్దును బ్రెయిడ్ గ్రూప్ కోహోమాలజీ (ఆకారాల చిక్కును బీజగణితంతో కొలిచే టోపాలజీ పనిముట్టు) నుంచి రాబట్టాడు. మరో గణితజ్ఞుడు వాసిలీవ్ దాన్ని బాగా పెంచాడు: పరిమాణం ఎన్ ప్రధాన సంఖ్య ఘాతమైతే (4, 5, 7, 8, 9...) జవాబు కచ్చితంగా ఎన్−1. మీ 6 అలాంటిది కాదు. అక్కడ ఆయన కింది హద్దు 4 దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న అడిగినవారు: 7వ పరిమాణ సమీకరణం మూలాలను రెండు చలరాశుల ప్రమేయాలతోనే రాయగలమా అనే హిల్బర్ట్ 13వ సమస్య 1957లోనే తేలిపోయిందిగా?

జవాబు 3: కాల్మొగరొవ్, ఆర్నాల్డ్ తేల్చింది అవిచ్ఛిన్న ప్రమేయాలకు. బీజీయ ప్రమేయాలే వాడాలంటే సమస్య అలాగే ఉంది. 5వ పరిమాణానికి ఒక్కో మెట్టులో ఒక్క పరామితి (చలరాశి) ఉన్న ప్రమేయాలు చాలు, 6కి రెండు, 7కి మూడు సరిపోతాయని తెలుసు. కానీ 6, 7లకు అంతకన్నా తక్కువతో కుదరదని ఎవరూ నిరూపించలేదు. 7 మాట అటుంచండి, ఏ పరిమాణానికైనా ఒక్క పరామితి చాలదనడానికే నిరూపణ లేదు.